సాఫ్ట్‌వేర్ క్లౌడ్‌కి మారుతుంది, బాధ్యత మాత్రం మారదు

ఈ ఎపిసోడ్‌లో మనం మాట్లాడుకునేది కంపెనీలు వాడే సాఫ్ట్‌వేర్ గురించి. మన ఫోన్‌లో ఉండే యాప్‌లు కాదు. ఒక వ్యాపారం రోజూ నడవడానికి వెనకాల పనిచేసేది: బిల్లింగ్, అకౌంట్స్, స్టాకు, జీతాలు. చాలా చోట్ల ఇవన్నీ ఆఫీసులో ఉన్న ఒక సర్వర్ మీదే నడుస్తుంటాయి. ఒకరోజు ఓనర్ గారు "అందరూ క్లౌడ్ అంటున్నారు, మనమూ మారిపోదాం" అంటారు. ఆ పని ఎవరి మీద పడుతుంది? ఆఫీసులో కాస్త కంప్యూటర్ తెలిసిన కుర్రాడి మీదో, అమ్మాయి మీదో పడుతుంది. అది మీరే కావచ్చు. అందుకే ఈ వీడియో.

అసలు విషయం ముందే చెప్పేస్తాను. క్లౌడ్‌కి వెళ్తే సర్వర్ వాళ్లది, కరెంటు వాళ్లది, ఏసీ వాళ్లది. లెక్కలు మాత్రం మనవి. పోతే మనవే పోతాయి. ఈ ఒక్క మాట పట్టుకుంటే మిగతా జాగ్రత్తలన్నీ వాటంతట అవే అర్థమవుతాయి.

ముందు బేసిక్స్ చూద్దాం. క్లౌడ్ అంటే పైన మబ్బుల్లో ఏమీ లేదు. నేల మీదే పెద్ద పెద్ద బిల్డింగులు, వాటిలో వేల కంప్యూటర్లు. వాటిని మనం అద్దెకు తీసుకుంటాం. అమెజాన్ వాళ్ల ఏడబ్ల్యూఎస్ 2016లో ముంబైలో, 2022 నవంబర్‌లో మన హైదరాబాద్‌లో కూడా ఇలాంటి డేటా సెంటర్ల గుంపుని మొదలుపెట్టింది. దాన్నే రీజియన్ అంటారు. అంటే మీ కంపెనీ లెక్కలు "క్లౌడ్‌లో" ఉన్నాయంటే, బహుశా హైదరాబాద్ శివార్లలో ఒక బిల్డింగ్‌లో ఉన్నాయని అర్థం.

ఇప్పుడు ఒక ఉదాహరణ పెట్టుకుందాం. విజయవాడ ఆటోనగర్‌లో లారీ స్పేర్ పార్ట్స్ హోల్‌సేల్ షాపు. నేను ఊహించి చెప్తున్న షాపే, కానీ ఇలాంటివి మీరు చూసే ఉంటారు. గుంటూరులో ఒకటి, రాజమండ్రిలో ఒకటి బ్రాంచీలు. మెట్ల కింద చిన్న గదిలో ఒక సర్వర్, పక్కన బీప్ బీప్ మంటూ యూపీఎస్. అందులో ట్యాలీ. దాన్ని పదిహేనేళ్లుగా చూసుకుంటున్న అకౌంటెంట్ గారు. రాజమండ్రి వాళ్లకి స్టాకు తెలియాలంటే ఫోన్ చేసి అడగాలి. రోజూ సాయంత్రం పెన్‌డ్రైవ్‌లో బ్యాకప్. ఆ పెన్‌డ్రైవ్ ఉండేది కూడా అదే గదిలో, అదే టేబుల్ సొరుగులో.

ఈ షాపు ఎందుకు మారాలి? ఆ హార్డ్ డిస్క్ పోయిన రోజు షాపు ఆగిపోతుంది కాబట్టి. ఇది చిన్న షాపుల సమస్యే అనుకోకండి. 2008 ఆగస్టులో నెట్‌ఫ్లిక్స్‌కి ఇదే జరిగింది. అప్పట్లో వాళ్లు డీవీడీలు పోస్టులో పంపేవాళ్లు. సొంత డేటా సెంటర్‌లో డేటాబేస్ పాడైపోయి మూడు రోజులు డీవీడీలు పంపలేకపోయారు. ఆ దెబ్బతోనే క్లౌడ్‌కి మారాలని నిర్ణయించుకున్నారు. మారడం ఎప్పటికి పూర్తయింది? 2016 జనవరికి. దాదాపు ఏడేళ్లు పట్టింది. అందులోనూ చివరి దాకా మిగిలిపోయిన వాటిలో బిల్లింగ్ ఒకటి. సినిమాలు చూపించే భాగం కంటే డబ్బు లెక్క చూసే భాగాన్ని కదపడానికే ఎక్కువ భయపడతారు. సినిమా ఒక నిమిషం ఆగితే మళ్లీ ప్లే నొక్కుతాం. లెక్క ఒకసారి తప్పితే ఎవరి దగ్గర ఎంత తీసుకున్నామో చెప్పలేం.

సరే, మన ఆటోనగర్ షాపుకి ఏడేళ్లు అక్కర్లేదు. దారులు మూడున్నాయి. మొదటిది, ఉన్నది ఉన్నట్టు ఎత్తి అక్కడ పెట్టడం. దీన్నే లిఫ్ట్ అండ్ షిఫ్ట్ అంటారు. క్లౌడ్‌లో ఒక విండోస్ సర్వర్ అద్దెకు తీసుకుని, అందులో అదే ట్యాలీ వేసుకుని, దూరం నుంచి రిమోట్ డెస్క్‌టాప్‌లో తెరుచుకుని పని చేసుకోవడం. రెండోది, పాతది వదిలేసి బ్రౌజర్‌లోనే నడిచే రెడీమేడ్ సాఫ్ట్‌వేర్‌కి నెలనెలా డబ్బు కట్టడం, జోహో బుక్స్ లాంటివి. మూడోది, మొత్తం కొత్తగా రాయించుకోవడం. నెట్‌ఫ్లిక్స్ చేసింది అదే. మన షాపుకి అంత అవసరం లేదు.

ఇక్కడ చాలామంది నాలుగో దారి ఒకటి కనిపెడతారు. ట్యాలీ డేటా ఫోల్డర్‌ని గూగుల్ డ్రైవ్‌లో పెట్టేసి, మూడు ఊళ్లలో అదే ఫోల్డర్ సింక్ చేసేసి, "మేం క్లౌడ్‌లోకి వచ్చేశాం" అంటారు. దయచేసి అలా చేయకండి. డ్రైవ్ ఫైళ్లని కాపీ చేస్తుంది, అంతే. గుంటూరులో ఒకరు, రాజమండ్రిలో ఒకరు ఒకేసారి ఎంట్రీ వేస్తే ఎవరి ఫైల్ నిజమైందో దానికి తెలియదు. ఒకరి ఎంట్రీలు మాయం కావచ్చు, లేదా డేటా మొత్తం పాడు కావచ్చు.

దారి ఎంచుకున్నాక మొదటి పని ఏంటి? సర్వర్ కొనడం కాదు, లిస్టు రాయడం. ఆ మెట్ల కింద కంప్యూటర్ మీద ఏమేం ఆధారపడి ఉన్నాయి? ఇల్లు మారేటప్పుడు మంచాలు, బీరువాలు అందరికీ గుర్తుంటాయి. కొత్తింట్లో దిగాక మోటార్ స్విచ్ ఎక్కడుందో తెలియక తిప్పలు పడతాం. సాఫ్ట్‌వేర్ కూడా అంతే. కౌంటర్ దగ్గర డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ ఉంటుంది, అది క్లౌడ్ సర్వర్‌కి కనపడుతుందా? వేలిముద్ర హాజరు మెషీన్ నుంచి జీతాల లెక్కకి డేటా ఎలా వస్తోంది? బ్యాంకుకి పంపే ఎక్సెల్ ఫైల్ ఎక్కడ తయారవుతోంది? ఈ-ఇన్‌వాయిస్ ఎవరి లాగిన్‌తో వెళ్తోంది?

వీటికి జవాబులు ఏ డాక్యుమెంట్‌లోనూ ఉండవు. అకౌంటెంట్ గారి బుర్రలో ఉంటాయి. అందుకే ఓనర్‌తో మీటింగ్ ఒక గంట అయితే, అకౌంటెంట్ గారి పక్కన కుర్చీ వేసుకుని రెండు రోజులు కూర్చోండి. పొద్దున్న షట్టర్ తీసిన దగ్గర్నుంచి రాత్రి క్యాష్ లెక్క చూసేదాకా ఆయన ఏం చేస్తారో రాసుకోండి.

ఇంకో మాట. ఆయన మీకు అన్నీ వెంటనే చెప్పకపోవచ్చు. క్లౌడ్ అనగానే ఆయనకి వినపడేది "ఇక మీతో పని లేదు" అని. పదిహేనేళ్లు ఆ షాపు పరువు కాపాడిన మనిషి ఆయన. ఏ మెకానిక్‌కి అప్పు ఇవ్వొచ్చో, ఏ పార్టీ చెక్కు ఆగుతుందో ఆయనకే తెలుసు. ఆ భయం అలాగే ఉంచి పని మొదలుపెడితే మార్పు ఆయన మీద జరుగుతుంది, ఆయనతో కలిసి జరగదు. "సార్, కొత్త దాంట్లో లెక్క సరిపోయిందని మీరు సంతకం పెడితేనే పాతది ఆపుతాం" అని మొదటి రోజే చెప్పండి. అది మర్యాద కోసం చెప్పే మాట కాదు. నిజంగానే ఆ సంతకం లేకుండా ఆపకూడదు.

రెండో పని డేటా శుభ్రం చేయడం. ఒకే క్లచ్ ప్లేట్ మూడు స్పెల్లింగులతో మూడు ఐటమ్‌లుగా ఉంటుంది. ఒకే పార్టీకి రెండు ఖాతాలుంటాయి. ఈ చెత్తంతా మోసుకెళ్తే కొత్తింట్లోనూ చెత్తే. మన తెలుగు వాళ్లకి స్పెషల్‌గా ఇంకో సమస్య ఉంది. పాత బిల్లుల్లో పేర్లు తెలుగులో టైప్ చేసి ఉంటే, అది అను ఫాంట్స్‌లో చేసిందా, యూనికోడ్‌లో చేసిందా చూడండి. అను ఫాంట్స్‌లో చేసింది ఆ ఫాంట్ ఉన్న కంప్యూటర్లోనే తెలుగులా కనిపిస్తుంది. వేరే చోటికి తీసుకెళ్తే అర్థం లేని గుర్తులు కనపడతాయి. ముందే యూనికోడ్‌లోకి మార్చుకోవాలి. మార్చాక పేర్లు ఒక మనిషి చదివి చూడాలి.

మూడో పని లెక్క సరిచూడడం. పాతదాంట్లో ట్రయల్ బ్యాలెన్స్, ప్రతి పార్టీ బాకీ, ప్రతి ఐటమ్ స్టాకు. కొత్తదాంట్లో అవే. పక్కపక్కన పెట్టి చూడాలి. మొత్తం టోటల్ కలిస్తే సరిపోదు. ఒక పార్టీ బాకీ ఇంకో పార్టీకి పడినా టోటల్ కలుస్తుంది. ఒక్క రూపాయి తేడా వచ్చినా "చిన్నదేలే" అనొద్దు. ఆ రూపాయి వెనకాల ఏ తప్పు దాక్కుందో మనకి తెలియదు.

నాలుగో పని, రెండూ కలిపి నడపడం. అవును, డబుల్ పని, అందరూ విసుక్కుంటారు. అయినా కనీసం ఒక నెలాఖరు, ఒక జీఎస్టీ ఫైలింగ్ దాటాలి. నెలనెలా ఫైల్ చేసేవాళ్లకి జీఎస్టీఆర్-1 మామూలుగా 11వ తేదీకి, 3బీ 20వ తేదీకి. ఆ రెండు తేదీలూ కొత్త సాఫ్ట్‌వేర్ లెక్కలతో ప్రశాంతంగా దాటితే, అప్పుడు నమ్మొచ్చు.

ఇక ముహూర్తం. ఏ రోజు మారాలి? ఇక్కడే పెద్ద పెద్దవాళ్లు బోల్తా కొట్టారు. బ్రిటన్‌లో టీఎస్‌బీ అని ఒక బ్యాంకు ఉంది. 2018 ఏప్రిల్‌లో ఒక వీకెండ్‌లో, సుమారు 52 లక్షల కస్టమర్లున్న ఆ బ్యాంకు పాత సిస్టమ్ నుంచి కొత్త సిస్టమ్‌కి మారింది. అది అచ్చంగా క్లౌడ్ కథ కాదు, కానీ పాఠం మాత్రం మనకి సరిగ్గా సరిపోతుంది. డేటా అయితే బాగానే వెళ్లింది. కొత్త ప్లాట్‌ఫామే తట్టుకోలేదు. జనం లాగిన్ కాలేకపోయారు, బ్రాంచీల్లోనూ పనులు ఆగాయి. మళ్లీ మామూలు స్థితికి రావడానికి ఆ డిసెంబర్ దాకా పట్టింది.

తర్వాత జరిగిన విచారణలో ఏం బయటపడిందో తెలుసా? ముందు తేదీ పెట్టుకున్నారు, ఆ తేదీ నుంచి వెనక్కి లెక్కేసుకుంటూ ప్లాన్ గీశారు. ఇల్లు ఎప్పటికి పూర్తవుతుందో మేస్త్రీని అడక్కుండా గృహప్రవేశం కార్డులు పంచినట్టు. రెండు డేటా సెంటర్లు ఉంటే, లోడ్ తట్టుకుంటుందా అనే టెస్టింగ్ ఒక్కదాంట్లోనే చేశారు. రెండోది కూడా అలాగే ఉంటుందిలే అనుకున్నారు. 2022 డిసెంబర్‌లో ఆ బ్యాంకుకి 4 కోట్ల 86 లక్షల పౌండ్ల పైగా జరిమానా పడింది. అక్కడితో ఆగలేదు. 2023లో ఆ బ్యాంకు అప్పటి చీఫ్ ఇన్ఫర్మేషన్ ఆఫీసర్‌కి వ్యక్తిగతంగా 81,620 పౌండ్ల జరిమానా వేశారు. ఎందుకు? పని అప్పగించిన సంస్థ నిజంగా సిద్ధంగా ఉందా లేదా అని ఆయన సరిగ్గా చూసుకోలేదని. పని వేరేవాళ్లకి ఇవ్వొచ్చు. జవాబు చెప్పాల్సింది మాత్రం మనమే.

మన షాపుకి దీన్ని ఎలా అన్వయించుకోవాలి? ఏప్రిల్ 1 కొత్త ఆర్థిక సంవత్సరం, కొత్త పుస్తకం, మంచిదే. కానీ లెక్క కలవకపోతే ఏప్రిల్ 1 అయినా, పురోహితుడు పెట్టిన ముహూర్తం అయినా ఆగాల్సిందే. ఇంకా ఒకటి, వెనక్కి వచ్చే దారి ముందే రాసి పెట్టుకోండి. "ఆదివారం సాయంత్రం నాలుగింటికి లెక్క కలవకపోతే సోమవారం షాపు పాత సర్వర్ మీదే తెరుస్తాం." ఆ నిర్ణయం ఎవరు తీసుకుంటారో కూడా పేరుతో రాయండి. ఆ గంటలో అందరూ అలిసిపోయి ఉంటారు, "ఇంత దాకా వచ్చాం కదా, కానిచ్చేద్దాం" అనిపిస్తుంది. ఆ మాట అనిపించకముందే కాగితం మీద రాసుండాలి.

సరే, మారిపోయాం, లెక్కలు కలిశాయి. పాలు పొంగించేశాం. ఇక హాయిగా ఉండొచ్చా? ఉండొచ్చు, బ్యాకప్ ఎక్కడుందో తెలిస్తే.

2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ అనే క్లౌడ్ కంపెనీ డేటా సెంటర్ బిల్డింగ్ ఒకటి తగలబడిపోయింది. బ్యాకప్ కూడా అక్కడే పెట్టుకున్నవాళ్లకి రెండూ పోయాయి. గుర్తుందా, మన షాపులో పెన్‌డ్రైవ్ సర్వర్ ఉన్న గదిలోనే సొరుగులో ఉందని చెప్పాను? అదే తప్పు, కాకపోతే పెద్ద సైజులో.

ఇంకోటి 2024 మేలో జరిగింది. ఆస్ట్రేలియాలో యూనిసూపర్ అని రిటైర్‌మెంట్ ఫండ్ ఉంది, మన పీఎఫ్ లాంటిది. ఆరు లక్షలకు పైగా సభ్యులు. గూగుల్ క్లౌడ్‌లో వాళ్ల ప్రైవేట్ క్లౌడ్ పెట్టేటప్పుడు గూగుల్ వైపు నుంచి ఒక సెట్టింగ్ ఖాళీగా వదిలేశారు. దానివల్ల ఏడాది గడువు తీరగానే సిస్టమ్ దాన్ని దానంతట అదే డిలీట్ చేసేసింది. తప్పు తమదేనని గూగుల్ ఒప్పుకుంది కూడా. సభ్యులు రోజుల తరబడి తమ ఖాతా చూసుకోలేకపోయారు. కానీ సభ్యుల లెక్కలు పోలేదు. ఎందుకంటే యూనిసూపర్ వేరే సంస్థ దగ్గర కూడా బ్యాకప్ పెట్టుకుంది. అంత పెద్ద క్లౌడ్‌లో ఉన్నా "వాళ్లు చూసుకుంటారులే" అనుకోలేదు. అదే వాళ్లని కాపాడింది.

అందుకే రూల్ సింపుల్. మూడు కాపీలు, రెండు రకాల చోట్ల, అందులో ఒకటి వేరే ప్రదేశంలో, వీలైతే వేరే కంపెనీ దగ్గర. నెలకోసారి ఆ బ్యాకప్‌ని వేరే కంప్యూటర్‌లో నిజంగా తెరిచి, ఏదో ఒక పార్టీ ఖాతా చూడండి. తెరిచి చూడని బ్యాకప్ ఉన్నట్టు కాదు.

చట్టం కూడా ఇక్కడ మనల్నే అడుగుతుంది. కంపెనీల చట్టం కింద రిజిస్టర్ అయిన కంపెనీ ఎలక్ట్రానిక్‌గా లెక్కలు రాస్తే, ఆ పుస్తకాల బ్యాకప్ రోజూ భారతదేశంలోనే ఉన్న సర్వర్‌లో ఉండాలి. రోజూ అనే మాట 2022లో చేర్చారు. 2023 ఏప్రిల్ 1 నుంచి, ఏ ఎంట్రీ ఎప్పుడు మార్చారో దాచే ఆడిట్ ట్రయిల్ ఆ సాఫ్ట్‌వేర్‌లో ఉండాలి. దాన్ని ఆపేసే వీలు ఉండకూడదు. లెక్కల పుస్తకాలు ఎనిమిది ఆర్థిక సంవత్సరాలు భద్రపరచాలి. కాబట్టి పాత సర్వర్‌ని పాత సామాన్ల వాడికి అమ్మేముందు ఒకటి అడగండి: ఆరేళ్ల కిందటి బిల్లు ఆడిటర్ గారు అడిగితే, రేపు తెరిచి చూపించగలమా?

రెండు చిన్న విషయాలు చెప్పి ముగిస్తాను. ఒకటి సెక్యూరిటీ. రిమోట్ డెస్క్‌టాప్‌ని ఇంటర్నెట్‌కి నేరుగా తెరిచి పెట్టకండి. రాన్సమ్‌వేర్ ముఠాలు బాగా వెతికే తలుపుల్లో అదొకటి. వీపీఎన్ వెనకాల పెట్టండి, ఓటీపీ లాగిన్ పెట్టండి, ఉద్యోగం మానేసినవాళ్ల లాగిన్ ఆ రోజే తీసేయండి. రెండోది ఖర్చు. క్లౌడ్ అద్దె ఆటో మీటర్ లాంటిది. మీరు దిగి టీ తాగుతున్నా తిరుగుతూనే ఉంటుంది. టెస్టింగ్ కోసం తెరిచిన సర్వర్ ఆపకపోతే నెలాఖరుకి బిల్లు వస్తుంది. బేస్‌క్యాంప్ తయారుచేసే 37సిగ్నల్స్ కంపెనీ 2022లో క్లౌడ్ మీద 32 లక్షల డాలర్లు ఖర్చుపెట్టి, లెక్క చూసుకుని, సొంత సర్వర్లకి తిరిగి వెళ్లాలని నిర్ణయించుకుంది. కాబట్టి క్లౌడ్ అంటే ఎప్పుడూ చవకే అని ఓనర్‌కి మాట ఇవ్వకండి. మూడేళ్ల ఖర్చు రెండు వైపులా రాసి చూపించండి. అందులో మంచి ఇంటర్నెట్, రోడ్డు తవ్వి కేబుల్ తెగిన రోజుకి ఒక సిమ్ రూటర్, వీటి ఖర్చు కూడా కలపండి. అవి లేకపోతే నెట్ పోయిన రోజు బిల్లే కొట్టలేం.

మీ ఆఫీసులో ఈ పని మీ చేతికి వస్తే, లేదా ఏ కంపెనీ అయినా వచ్చి "మొత్తం మేం చూసుకుంటాం సార్" అంటే, ఈ ఐదు ప్రశ్నలు అడగండి. లెక్క కలిసిందని ఎవరు సంతకం పెడతారు? కలవకపోతే వెనక్కి ఎలా వస్తాం? మీ క్లౌడ్ మొత్తం పోయినా మా డేటా ఇంకెక్కడ ఉంటుంది? రేపు మేం మిమ్మల్ని వదిలేస్తే మా డేటా మాకు ఏ ఫార్మాట్‌లో, ఎన్ని రోజుల్లో ఇస్తారు? నెలకి అద్దె ఎక్కువలో ఎక్కువ ఎంత అవుతుంది?

జవాబులు నోటిమాటగా కాదు, రాతలో తీసుకోండి. ఐదింటికీ రాతలో జవాబు వస్తే ధైర్యంగా మారండి, క్లౌడ్ నిజంగానే మంచి సౌకర్యం. ఏ ఒక్కదానికైనా "అదేం పర్లేదు సార్, అలా జరగదు" అని వస్తే, ఇంకొన్నాళ్లు ఆ మెట్ల కింద సర్వర్‌తోనే ఉండండి. కాకపోతే ఆ పెన్‌డ్రైవ్ మాత్రం ఈ రాత్రికే ఇంటికి తీసుకెళ్లమని అకౌంటెంట్ గారికి చెప్పండి.

ఈ ఎపిసోడ్‌కి ఇంతే ఫ్రెండ్స్. మీ ఆఫీసులో ఈ మార్పు జరుగుతుంటే ఈ వీడియో మీ అకౌంటెంట్ గారికి కూడా చూపించండి.